చార్లీ పూల్ కొండమనిషి కాదు, మిల్లు కార్మికుడు

"కంట్రీ సంగీతం (అమెరికా పల్లె పాటల బాణీ) తొలిసారి రికార్డయింది 1927లో, టెనెసీ-వర్జీనియా సరిహద్దులోని బ్రిస్టల్‌లో. బయటి గాలి సోకని కొండజనం తాతల నాటి పాటలు పాడుకుంటుంటే రికార్డు కంపెనీవాళ్లు వెళ్లి పట్టుకొచ్చారు. కల్తీ లేని తెల్లవాళ్ల సంగీతం." అమెరికా పాత పాటల ముచ్చట వచ్చిన ప్రతిచోటా ఈ మాట షేరవుతూనే ఉంది.

ముందు తేదీ సంగతి. టెక్సస్ ఫిడిలర్ ఎక్ రాబర్ట్‌సన్ 1922లోనే న్యూయార్క్‌లో విక్టర్ కంపెనీకి వాయించాడు. బ్రిస్టల్ రికార్డింగులు చేయించిన ఆ రాల్ఫ్ పియర్ కూడా 1923లోనే అట్లాంటాలో 'ఓకే' అనే కంపెనీ తరఫున ఫిడ్లిన్ జాన్ కార్సన్ చేత పాడించాడు. తేదీ గొడవ ఇంతటితో సరి.

ఇక కొండజనం. నార్త్ కరోలినా రాంబ్లర్స్ బృందాన్నే తీసుకోండి. పాట, బాంజో (తోలు బిగించిన తీగవాద్యం) చార్లీ పూల్‌వి. 1892లో పుట్టాడు, బతుకంతా బట్టల మిల్లుల చుట్టూ తిరిగింది. ఫిడిల్ వాయించిన బావమరిది పోసీ రోరర్ బొగ్గుగనుల్లో పనిచేసి వచ్చినవాడు. తర్వాత గిటార్ పట్టిన రాయ్ హార్వే రైలింజన్ డ్రైవరు. వీళ్ల కోసం ఏ కంపెనీ కొండెక్కలేదు. 1925 జూలైలో పూల్ బృందమే న్యూయార్క్ వెళ్లి కొలంబియా రికార్డు కంపెనీ తలుపు తట్టింది. నాలుగు పాటలకు కలిపి ముట్టింది 75 డాలర్లు. వాటిలో 'డోంట్ లెట్ యువర్ డీల్ గో డౌన్ బ్లూస్' ఉన్న రికార్డు ఒక్కటే లక్షకు పైగా అమ్ముడుపోయింది. ఎవరి జేబు నిండిందో వేరే చెప్పాలా?

తాతల నాటి పాటలేనా? కొన్ని ఔను. చాలావరకు మాత్రం నగరాల్లో అచ్చయి, నాటకశాలల్లో తిరిగిన పాటలు. 1926లో పాడిన 'వైట్ హౌస్ బ్లూస్' 1901లో జరిగిన అధ్యక్షుడు మెకిన్లీ హత్య గురించి. అప్పటికి పాతికేళ్ల నాటి వార్త!

పూల్ బాంజో బాణీకి ఇంకో కథ తగిలిస్తారు: బేస్‌బాల్ ఆటలో చెయ్యి విరగడంతో ఆ మూడు వేళ్ల పద్ధతి పుట్టిందని. పందెం కాసి, గ్లవ్ లేకుండా బంతి పట్టబోయి వేళ్లు వంకరపోయిన మాట వాస్తవమే. కానీ వేళ్లతో మీటే ఆ పద్ధతి అప్పటికే పట్నం వేదికల మీద ఉంది. పూల్ అభిమానించిన బాంజో వాద్యకారుడు ఫ్రెడ్ వాన్ ఎప్స్ రికార్డుల్లోనూ ఉంది. ఒకసారి చెవి పెట్టి వినండి. ఫిడిల్ వరుస నడిపిస్తుంటే గిటార్ మంద్రంలో మెట్లు దిగుతుంది, బాంజో మాత్రం దరువు కొట్టదు. చిన్న చిన్న స్వరాలు విడివిడిగా మీటుతూ సందుల్లో జవాబు చెబుతుంది. పూల్ గొంతు పొడిగా, మాట కత్తిరించినట్టు ఉంటుంది. విని విని సాధన చేసిన పనితనం అది.

కల్తీ లేదన్న మాటకు బాంజో ఒక్కటే చాలు: బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల వాద్యం. తెల్లవాళ్లది, నల్లవాళ్లది అని వేరు చేసే గీత గీసింది కంపెనీలు. కొలంబియా నల్లవాళ్ల రికార్డుల్ని 14000-డి సిరీస్‌లో, పూల్ లాంటివాళ్లవి 15000-డి సిరీస్‌లో పెట్టి వేర్వేరుగా అమ్మింది. ఆ కేటలాగు విభజననే ఇప్పుడు సంగీత చరిత్ర అని పంచుతున్నారు.