అనంతం: ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకు

హైదరాబాద్ పక్కన గండిపేట చెరువు దారిలో ఉన్న మన పాత రిసార్టు మారిపోయింది. పేరు అక్కర్లేదు. మామిడితోట, ఇనుప ఊయల, ఆదివారం నాటుకోడి పులుసు అంటే చాలు, పాతవాళ్లు గుర్తుపడతారు. ఇప్పుడది రిసార్టు కాదు, ‘రిట్రీట్’. ఊయల పోయి సెల్ఫీ పాయింటు వచ్చింది. పులుసు పోయి లైవ్ కౌంటర్ వచ్చింది.

న్యాయంగా మాట్లాడుకుందాం. గీజర్లోంచి ఇప్పుడు నిజంగానే వేడినీళ్లు వస్తున్నాయి. కిటికీలకు దోమతెరలున్నాయి. పాత ఈతకొలనులో అడుగు కనిపించేది కాదు. మనం వెళ్లేసరికి కప్పలు దిగి ఉండేవి. ఈ మూడింటి గురించీ ఏళ్ల తరబడి మేనేజర్ ప్రాణం తీసింది మనమే. కాబట్టి బాగుచేసినందుకు ఏడవడం లేదు. ఏడుపంతా ఇన్ఫినిటీ పూల్, అంటే అంచే లేనట్టు కనిపించే ‘అనంత’ కొలను గురించే.

ఈ అనంతం ఎలా తయారవుతుందో తెలుసుకోవడం మంచిది, డబ్బు కట్టేది మనమే గనక. కొలనుకు చెరువు వైపు గోడను మిగతా మూడు గోడలకంటే కాస్త తక్కువ ఎత్తులో కడతారు. నీళ్లు దాని మీదుగా పలచగా, కొన్ని మిల్లీమీటర్ల మందాన జారి కింద తొట్టిలో పడతాయి. పంపు వాటిని ఫిల్టర్ గుండా మళ్లీ పైకి తెస్తుంది. కళ్లు నీటిమట్టానికి దగ్గరగా పెట్టి చూస్తే కొలనూ చెరువూ కలిసిపోయినట్టుంటుంది. లేచి నిలబడితే తొట్టి కనిపిస్తుంది. అందులో తేలే చిప్స్ కవరు కూడా.

ఇక ఆదివారం మధ్యాహ్నం దర్శనం చేసుకోండి. సుమారు వంద చదరపు మీటర్ల కొలనులో ముప్పై మంది భక్తులు. అందరూ అంచు దగ్గరే, అందరి వీపులూ చెరువుకే, ఎందుకంటే ఫోను ఇటువైపుంది. చుడీదార్‌తో దిగబోయిన పెద్దావిడను లైఫ్‌గార్డు ఆపుతాడు. “మేడమ్, నైలాన్ ఒక్కటే.” “బాబూ, ఇది కొత్తది, ఉతికిందే.” ఆ కుర్రాడి మాటలో తప్పులేదు, నూలుపోగులు ఫిల్టర్‌కు అడ్డం పడతాయి. అయితే ఆ నైలాన్ దుస్తులు పక్క కౌంటర్లోనే, బయటి ధరకు రెండింతలకు దొరకడం దైవలీల.

మెడదాకా మునిగిన మనిషి సుమారు 60 లీటర్ల నీళ్లను పక్కకు నెడతాడు. ముప్పై మందికి 1,800 లీటర్లు. ఆ నీళ్లు అంచు దాటి తొట్టిలో పడాలి. తొట్టి చిన్నదైతే పొంగి కాలువ పాలవుతాయి. మన రిట్రీట్ వారు అలంకార దీపాలకు పెట్టిన ఖర్చు చూశాక తొట్టిని చిన్నగా ఎందుకు కట్టారో అర్థమవుతుంది. సరిగ్గా ఒంటిగంటకు మైకులో “దమ్ బిర్యానీ రెడీ” అంటారు. ముప్పై మందీ ఒక్కసారిగా లేస్తారు. నీటిమట్టం దాదాపు 2 సెంటీమీటర్లు పడిపోతుంది. అంచు మీద ధార తెగిపోతుంది, టైల్స్ మీది సన్‌స్క్రీన్ జిడ్డు గీత బయటపడుతుంది, పంపు గాలి పీల్చి గురక పెడుతుంది. అనంతం ముగిసింది. బోరు వేస్తారు.

ఘాటు వాసన వస్తే ‘క్లోరిన్ బాగా వేశారు, శుభ్రంగా ఉంది’ అని మురిసే పెద్దమనుషులకో మాట. ఆ వాసన ముఖ్యంగా క్లోరామిన్లది. అంటే క్లోరిన్ మన చెమటతో, పిల్లల (పిల్లలదేనని అనుకుందాం) మూత్రంతో కలిసిందన్నమాట. మంచి కొలనుకు వాసన దాదాపు ఉండదు.

బిల్లు సంగతి క్లుప్తంగా. గది అద్దె సరిగ్గా 7,500. రూపాయి దాటితే జీఎస్టీ 5 నుంచి 18 శాతానికి ఎగురుతుంది మరి. మిగతాదంతా ‘లేక్ వ్యూ అనుభవం’ కింద పడుతుంది. తిండి బిల్లులో సర్వీస్ చార్జి కనిపిస్తే తీసేయమనండి. అది ఇష్టమైతేనే ఇచ్చేదని 2025లో ఢిల్లీ హైకోర్టు కూడా చెప్పింది.

నవ్వులాట ఇక్కడితో చాలు. ఇసుక ఫిల్టర్‌లో పీడనం 8, 10 పీఎస్ఐ పెరిగితే నీళ్లను ఎదురు తిప్పి రెండు మూడు నిమిషాలు కడుగుతారు. జిడ్డు, వెంట్రుకలు, చర్మపు పొట్టు, క్లోరిన్, అన్నీ కలిసిన ఆ మురుగు ఎక్కడికి పోతోంది? సెల్ఫీ పాయింటు వెనక, మొగలిపొద చాటున తెల్లగొట్టం ఒకటుంది. దాని నోరు చెరువు వైపుంది. కొలనులో 1 నుంచి 3 పీపీఎం (పది లక్షల పాళ్లకు ఒకటి నుంచి మూడు పాళ్లు) ఉండాల్సిన క్లోరిన్ అందులో పదోవంతున్నా చేపకు ముప్పే. 1908 మూసీ వరద హైదరాబాద్‌ను ముంచాక, మళ్లీ మునగకుండా, తాగడానికి నీళ్లుండేలా 1920 నాటికి కట్టిన చెరువిది. దాన్ని కాపాడటానికే 1996లో 111 జీవో తెచ్చి చుట్టూ పది కిలోమీటర్ల మేర పెద్ద హోటళ్లు వద్దన్నారు. 2022లో మరో జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేశారు. ఎత్తేస్తే? తాగే నీళ్లలోకి గొట్టం పెట్టమని ఏ జీవోలో రాసుంది? చెరువును చూపించి డబ్బు గుంజుతూ ఆ చెరువులోకే మురుగు వదలడానికి సిగ్గుండాలి. పక్కన ‘ప్రకృతితో మమేకం’ అని నియాన్ బోర్డొకటి!

ఇదేమీ పరిష్కారం లేని సమస్య కాదు. మురికి అడుగున పేరుకునేలా గుంట తవ్వి, ఆ నీళ్లను రెండు మూడు రోజులు ఎండకు వదిలితే క్లోరిన్ విరుగుతుంది. పరీక్ష పట్టీతో చూసి పైనీళ్లను లాన్‌కు పెట్టుకోవచ్చు. అడుగున మిగిలిన మడ్డిని చెరువుకు దూరంగా పారేయాలి. ఈ మాటే రిసెప్షన్లో చెబితే ఫీడ్‌బ్యాక్ ఫారం ఇస్తున్నారు. అందులో గదికి, తిండికి, నవ్వుతూ పలకరించినందుకు ఐదేసి నక్షత్రాలున్నాయి. గొట్టం గురించి రాయడానికి గడి లేదు. వెనకవైపు ఖాళీగా ఉంది, అక్కడ రాయండి.