గుండ్రటి గీత అరకు ఘాట్‌లో పనిచేయదు

సెల్ టవర్ సిగ్నల్ ఎంత దూరం పోతుందో చెబుతూ మీ వ్యాసంలో టవర్ చుట్టూ గుండ్రంగా గీత గీసి ఇంత దూరం సిగ్నల్ వస్తుందని రాశారు. మైదానంలో సరే గానీ, ఓసారి అరకు ఘాట్ ఎక్కి చూడండి. మలుపు తిరగ్గానే ఫోన్‌లో సిగ్నల్ గీతలు మాయం, ఇంకో మలుపులో మళ్లీ ప్రత్యక్షం. ఎగుడుదిగుడు నేలల మీద సిగ్నల్ ఎంత తగ్గుతుందో లెక్కకట్టడం కోసమే అమెరికా పరిశోధకులు లాంగ్లీ, రైస్ 1968లో తమ నమూనా ఇచ్చారు. జపాన్ ఇంజనీరు ఒకుమురా టోక్యో ప్రాంతంలో తీసిన సిగ్నల్ కొలతల్ని 1980లో హటా అనే మరో ఇంజనీరు సూత్రాలుగా మార్చాడు. అవి టవర్ నుంచి 1 – 20 కి.మీ. దూరాలకే. నగరం కోసం చేసినవి, వాటిని తెచ్చి కొండల్లో పెడితే ఎలా?

గాలి ఊసే ఎత్తలేదు మీరు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి రేడియో తరంగం కాస్త కిందికి వంగుతుంది. ఆ వంపును తిన్నటి గీతగా లెక్కకట్టేందుకే భూమి వ్యాసార్ధాన్ని 4/3 రెట్లు చేసి, సుమారు 8,500 కి.మీ. అనుకుంటారు. అదీ మామూలు రోజుల మాట. సముద్రం మీది తేమగాలిని వేడి పొడిగాలి దుప్పటిలా కప్పితే, తరంగం ఆ పొరలో ఇరుక్కుని వందల కి.మీ. పోతుంది. విశాఖలో మా డాబా మీద వేసవి సాయంత్రాలు ఎఫ్ఎం ముల్లు తిప్పుతుంటే ఒక్కోసారి ఒడియా పాట వినబడేది. రేడియో పాడైందనుకుని నాన్న రెండు దెబ్బలు కొట్టేవారు!

ఇంకోటి, ఇలాంటి కొండల లెక్కలకు వాడే, 2000లో అంతరిక్ష నౌక రాడార్‌తో తీసిన నేల ఎత్తుల పటంలో దట్టమైన చెట్ల గుబురు కూడా కొంత నేలగానే లెక్కకొస్తుంది. అడవిలో వాడేవాళ్లు చూసుకోండి.