ఆ ఉండ తినకండి, అది కసేమిరో

విజయనగరంలో మా దాసన్నపేట వీధికి ఒక పెద్ద సమస్య వచ్చి పడింది. మురుగుకాలవ సంగతి అనుకునేరు, అది కాదు. దానికి మేం అలవాటుపడి చాలాకాలమైంది, అదీ మాకు అలవాటుపడిపోయింది. సమస్యేమిటంటే, ఇంగ్లండు ఫుట్‌బాల్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్‌కి మిడ్‌ఫీల్డ్‌లో బ్యాలెన్స్ లేదు. మిడ్‌ఫీల్డంటే మైదానం మధ్యలో ఆడేవాళ్లట.

ఈ సంగతి నాకు చెప్పినవాడు మా మేనల్లుడు. ఆరేళ్లుగా గ్రూప్-2కి చదువుతున్నాడు. వాడితోపాటు ఇంకో ముగ్గురున్నారు: సెల్‌ఫోన్ల కొట్లో కూర్చునేవాడొకడు, ఇంటి దగ్గరే కంప్యూటర్ ముందు ఉద్యోగం చేస్తున్నానని వాళ్లమ్మకి చెప్పేవాడొకడు, ఏం చేస్తాడో ఎవరికీ తెలియని మూడోవాడు. ఈ నలుగురూ ఎక్కడ కలిసినా ఇదే మాట. పాలప్యాకెట్టు కోసం వెళ్తే అక్కడా ఇదే. మొన్నామధ్య వీధి చివర ఒక పెద్దాయన పోయారు. పలకరింపుకి వెళ్లాను. అరుగు మీద నలుగురూ తలలు దించుకుని కూర్చున్నారు. చూసి, పోనీలే, కుర్రాళ్లకి పెద్దల మీద ఆపేక్ష ఉంది, అనుకున్నాను. దగ్గరికెళ్తే ఒకడు గొంతు పూడుకుపోయి అంటున్నాడు: "సరైన ఆరో నంబరు లేకపోతే ఎలగరా బతకడం?" ఆరో నంబరంటే మధ్యలో నిలబడి వెనకవాళ్లకి కాపు కాసేవాడట.

వీళ్ల వ్యాకరణంలో ఒక విశేషం ఉంది. ఆ క్లబ్బు గురించి మాట్లాడేటప్పుడు కర్త ఎప్పుడూ "మనం". మనం కొన్నాం, మనం ఓడిపోయాం, మనం మెక్‌టామినేని అమ్మేసి తప్పు చేశాం. 2024లో ఆ స్కాట్లండు అబ్బాయిని నాపోలీకి అమ్మేశారు. అతను ఇటలీ వెళ్లి, ఏడాది తిరక్కుండా వాళ్లకి లీగ్ టైటిల్ తెచ్చిపెట్టి, ఆ లీగ్‌లో అందర్లోకీ మేటి ఆటగాడనిపించుకున్నాడు. ఆ వార్త వచ్చిన రోజు మా మేనల్లుడు అన్నం ముట్టలేదు. "మనం అనవసరంగా అమ్మేశాం మావయ్యా." ఒరే, మన పెరట్లో కొబ్బరిచెట్టు అమ్ముదామంటే మీ అత్తయ్య ఒప్పుకోలేదు. ఇంటిపన్ను రసీదు ఎక్కడుందో నీకు తెలీదు. పాతిక మిలియను పౌన్ల మనిషిని నువ్వెప్పుడు అమ్మావురా?

అయితే వీళ్లని పూర్తిగా తప్పుపట్టలేను. ఇది నేల గుణం. బయటి దేశపు ఆటగాణ్ణి లోన్ మీద, అంటే కొన్నాళ్లకి అరువుగా, తెచ్చుకోవడం మా ఊరికి 1757లోనే తెలుసు. బొబ్బిలి మీదికి ఫ్రెంచి బుస్సీ దొరని వెంటబెట్టుకెళ్లింది మా రాజుగారే కదా. ఇక జట్టు కూర్పంటారా, 1936లో భారత క్రికెట్ జట్టుని ఇంగ్లండు తీసుకెళ్లిన కెప్టెన్ మా విజయనగరం రాజకుమారుడు విజ్జీ. మొదటి టెస్టయినా మొదలవకముందే లాలా అమర్‌నాథ్‌ని ఓడెక్కించి ఇంటికి పంపేశారు. కెప్టెన్‌గారు మాత్రం మూడు టెస్టులూ ఆడి, అన్నీ కలిపి 33 పరుగులు చేశారు. ఆడగలిగినవాణ్ణి ఇంటికి పంపి మనం మధ్యలో నిలబడటమనే విద్య ఈ గాలిలోనే ఉంది. మా నలుగురూ దాన్ని పీల్చుకుని పెరిగారు.

ఇప్పుడు అసలు ఘట్టానికి వస్తాను. నిరుడు, 2025 ఆగస్టు 27, వినాయక చవితి.

పందిరి దగ్గర రాత్రి కాపలాకి పెద్దమనిషి ఒకరుండాలని కమిటీ తీర్మానించింది. నిద్ర పట్టని పెద్దమనిషిని నేనే కాబట్టి ప్లాస్టిక్ కుర్చీ నాకు వేశారు. ఆ నలుగురూ తమంతట తామే తోడుంటామన్నారు. వినాయకుడి మీద భక్తి కాబోలనుకున్నాను. అర్ధరాత్రి దాటాక, పన్నెండున్నరకి, గ్రిమ్స్‌బీ అనే ఊళ్లో యునైటెడ్ వాళ్లకి లీగ్ కప్ ఆట ఉందని ఎవరూ నాకు చెప్పలేదు.

మా ఆవిడ నైవేద్యానికని 21 ఉండ్రాళ్లు చేసి పంపింది. పూజయింది, హారతయింది, జనం వెళ్లిపోయారు. ఆకలేసి పళ్లెం కోసం చూస్తే పళ్లెం లేదు. పందిరి వెనకాల ట్యూబ్‌లైటు కింద అరిటాకు పరిచి, మా మేనల్లుడు ఉండ్రాళ్లు పేరుస్తున్నాడు. వెనక మూడు, వాటి ముందు నాలుగు, ఆపైన రెండు, అన్నిటికన్నా ముందు ఒక్కటి. కాడ దగ్గర గోలు కాయడానికి ఒకటి. ఆ ముందున్న ఒంటరి ఉండని చూస్తే మా పైడితల్లమ్మ జాతరలో సిరిమాను చివర కూర్చున్న పూజారి గుర్తొచ్చాడు. అంత ఎత్తున ఒక్కడే, కింద ఎవరేం చేస్తున్నారో తెలీదు, అరటిపళ్లు విసిరితే తగలాలి తప్ప బంతి మాత్రం అందదు.

పదకొండూ సరిపోయాయి. తొమ్మిది ఆకు అంచున వరసగా పెట్టాడు, అది బెంచి అట, అవసరమైతే దింపడానికి. మిగిలిన ఒక్కటీ తమలపాకు మీద, విడిగా. "ఇదేట్రా?" అన్నాను. "కోచ్ మావయ్యా." పదకొండు, తొమ్మిది, ఒకటి. ఇరవై ఒకటి! గణపతికి ఇరవై ఒక్క ఉండ్రాళ్లు పెట్టాలని పూర్వం ఎవరు చెప్పారోగాని, ఆయన ఇంగ్లీషు ఫుట్‌బాల్ నిబంధనలు చదివే చెప్పాడని ఆ క్షణంలో నాకు నమ్మకం కుదిరింది.

చెయ్యి చాపి మధ్యలోది ఒకటి తీసుకోబోయాను.

"మావయ్యా! ఆ ఉండ తినకండి, అది కసేమిరో!"

కసేమిరో అంటే ఆ క్లబ్బులో మధ్యలో ఆడేవాడట. పక్కది ముట్టుకున్నాను. "అది ఉగార్తే." దాని ముందున్నది? "బాబ్బాబు, బ్రూనో అది, అతను లేకపోతే మనకి ఆటే లేదు." మరి నేనేం తినాల్రా అంటే, నలుగురూ తలలు దగ్గర పెట్టుకుని మంతనాలాడారు. ఆ మంతనం పావుగంట సాగింది. చివరికి బెంచిలో కొసాకరది చూపించి, "ఇది తినీండి, దీన్నెలాగూ జనవరిలో అమ్మీద్దుము" అన్నారు. తిన్నాను. ఉప్పు తక్కువైంది. అమ్మెయ్యడమే న్యాయం.

తగువు అప్పుడు మొదలైంది. బ్రూనోని వెనక్కి లాగి నలుగురి వరస మధ్యన ఆడించాలా, ముందు ఇద్దర్లో ఉంచాలా? మా మేనల్లుడు వెనక్కి జరిపాడు. సెల్‌ఫోన్ల కొట్టువాడు ముందుకి తోశాడు. "వెనకుంటే పరిగెత్తలేడ్రా." "ముందుంటే బంతి ఎవడిస్తాడ్రా?" వెనక్కి, ముందుకి, మళ్లీ వెనక్కి. బియ్యపురవ్వతో చేసిన మనిషి ఎంతసేపని ఓర్చుకుంటాడు? పగిలి రెండు ముక్కలయ్యాడు. నలుగురూ కాసేపు నిశ్శబ్దంగా ఉండిపోయారు. ఆ మూడోవాడు, ఏం చేస్తాడో తెలీదన్నానే, వాడు నెమ్మదిగా అన్నాడు: "పోన్లే, ఒక ముక్క వెనక పెట్టు, ఒక ముక్క ముందెట్టు." వాడికి త్వరలోనే ఏదో ఒక పెద్ద ఉద్యోగం వస్తుందని నా ఊహ.

ఈలోగా చీమలు దిగాయి. ఒక్క వైపు నుంచి కాదు, కుడివైపూ ఎడమవైపూ ఒకేసారి. ముందున్నవి దారి మూసేస్తుంటే వెనకవి ఖాళీలోకి వస్తున్నాయి. ఒకటి జారితే దాని చోటికి ఇంకొకటి. కోచ్ లేడు, బల్ల లేదు, తగువు లేదు. తెల్లారేలోగా నేను చూసిన మొత్తం ఆటలో బ్యాలెన్స్ ఉన్న మిడ్‌ఫీల్డ్ అదొక్కటే.

ఇక అసలు ఆట. గ్రిమ్స్‌బీ అంటే మనకి సముద్రపొడ్డున చింతపల్లి ఎలాగో అలాగ, చేపల ఊరు. వాళ్ల జట్టు అప్పటికి నాలుగో అంచె లీగ్‌లో ఆడుతోంది. సగం ఆటయ్యేసరికి ఆ చేపలూరివాళ్లు రెండు గోల్స్ కొట్టేశారు. ఆట చివరికొచ్చేసరికి యునైటెడ్ రెండూ తీర్చింది. తర్వాత పెనాల్టీలు. అవి ఎంతకీ తెమలవు, నాకు కునుకు పడుతుంది, లేస్తాను, ఇంకా కొడుతూనే ఉంటారు. ఆఖరికి యునైటెడ్ ఆటగాడు ఎంబ్యూమో కొట్టిన బంతి అడ్డకర్రకి తగిలి, 12-11తో గ్రిమ్స్‌బీ గెలిచింది. మధ్యలో ఒకచోట తెర మీద యునైటెడ్ కోచ్ ఆమోరిమ్ కనిపించాడు. వానలో కూర్చుని, ఒళ్లో పలక పెట్టుకుని, దాని మీద బిళ్లలు ఇటొకటీ అటొకటీ జరుపుతున్నాడు. నేను అరిటాకు వంక చూశాను, ఫోన్ వంక చూశాను. తేడా ఒక్కటే, మావి తినొచ్చు. అంతకుముందు సీజన్లో ఆ క్లబ్బుని 15వ స్థానంలో నిలబెట్టిన ఆ పెద్దమనిషి ఉద్యోగం 2026 జనవరిలో ఊడింది. మావాళ్ల ఉద్యోగాలకి ఆ భయం లేదు. అసలుంటే కదా.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. నేనూ నవ్వాను.

ఆ వారమే ఇంకో కబురొచ్చింది. కోబీ మైనూ అని యునైటెడ్‌లోనే అప్పటికి 20 ఏళ్ల కుర్రాడు, మధ్యలో ఆడతాడు. 2024 ఎఫ్‌.ఏ. కప్ ఫైనల్లో మాంచెస్టర్ సిటీ మీద గోలు కొట్టినవాడు. నన్ను ఆడించట్లేదు, లోన్ మీద ఇంకో క్లబ్బుకైనా పంపండి అని అడిగాడని, వీలుకాదన్నారని వార్తలు. పందిరి దగ్గర మావాళ్ల ఆక్రోశం చూడాలి. "ఆడగలిగే పిల్లకి... పిల్లాడికి అవకాశం ఇవ్వకపోతే పాపం కాదేటి? వయసు పోతే మళ్లీ వస్తదేటి?" సెల్‌ఫోన్ల కొట్టువాడి కళ్లల్లో నీళ్లు నిజంగానే తిరిగాయి.

మా వీధి మొగలో ఇస్త్రీబండి ఉంది. ఆవిడ కూతురు తొమ్మిదో తరగతి. బంతాడుతుంది. మగపిల్లల్తో కలిసి, ఎగ్జిబిషన్ వాళ్లు మేకులు ఏరకుండా వదిలేసిపోయిన మైదానంలో, చాలాకాలం వట్టి కాళ్లతో ఆడింది. ఆ ఆదివారం పొద్దున్న ఏడింటికి ఊరవతల సెలక్షన్లు. ఆ పూట అటు బస్సు లేదు. వాళ్లమ్మ శుక్రవారమే పందిరి దగ్గరికొచ్చి నలుగుర్నీ అడిగింది. "బాబూ, బంతాట మీకు తెలుసు గదా, నాకేటీ తెల్దు. పాపని బండి మీద కూసింత దింపీండి." మా మేనల్లుడు ఛాతీ మీద చెయ్యేసుకుని, "ఆరింటికల్లా వచ్చీస్తాం, నువ్వు ఇస్త్రీ చేసుకో" అన్నాడు.

శనివారం యునైటెడ్ బర్న్‌లీ మీద 3-2తో గెలిచింది, 97వ నిమిషంలో బ్రూనో పెనాల్టీతో. ఆట మన టైములో రాత్రి పదిలోపే అయిపోయింది. ఆ గెలుపు మిడ్‌ఫీల్డ్ వల్ల వచ్చిందా, మిడ్‌ఫీల్డ్ ఉన్నా వచ్చిందా అన్న తగువు మాత్రం మూడున్నర దాకా నడిచింది. పిల్ల ఐదున్నరకే తలదువ్వుకుని, ఎవరో ఇచ్చిన బూట్లు చేతిసంచిలో పెట్టుకుని, ఇస్త్రీబండి కర్ర మీద కూర్చుంది. ఆరు. ఆరున్నర. నాలుగు ఫోన్లూ మోగి మోగి ఊరుకున్నాయి. ఏడున్నరకి వాళ్లమ్మ మా గుమ్మంలోకొచ్చింది. నా పాత స్కూటరు తీసి, స్టార్టయ్యి, వెళ్లేసరికి పేర్లు రాయడం అయిపోయింది. కాగితం పట్టుకున్నాయన మర్యాదగానే చెప్పాడు, టైముకి రావాలి గదండీ అని. ఆయన్నేమనను?

మిమ్మల్నంటాను. ఒరే, ఒక్క బండిరా. ఒక్క పొద్దున్న. నలుగుర్లో ఒక్కడు లేవలేకపోయారా? మైనూని బెంచి మీద కూర్చోబెట్టినందుకు ఎవడో పోర్చుగీసు కోచ్‌ని బండబూతులు తిట్టారే, ఈ పిల్లని కర్ర మీద కూర్చోబెట్టింది ఎవర్రా? ఆ కోచ్‌కి పదకొండుమందినే ఆడించాలని ఒక నిబంధన ఉంది, మీకేం అడ్డమొచ్చింది? 1956 ఒలింపిక్స్‌లో మన జట్టుని నాలుగో స్థానం దాకా, 1962 ఆసియా క్రీడల్లో బంగారం దాకా నడిపించిన కోచ్ రహీం సాబ్ హైదరాబాద్‌వాడని చెప్తే, "ఏ క్లబ్బు మావయ్యా?" అన్నావు చూడు, ఆ రోజే అర్థం కావలసింది నాకు. మీకు ఆట అక్కర్లేదు. ఎక్కడో జరగాలి, ఎవడో ఓడాలి, మీరు నలుగురూ ఇక్కడ కూర్చుని తెలివైనవాళ్లు అవాలి. ఆరోజు పదింటికి కళ్లు నులుముకుంటూ వచ్చి మా మేనల్లుడన్న మాట, "అయ్యో, అలారం పెట్టలేదేటో మావయ్యా." పైగా, "వచ్చే ఏడు వెళ్తాదిలే, చిన్నపిల్లే గదా."

ఆ పొద్దున్న సెలక్షన్ల నుంచి పిల్లతో తిరిగొచ్చేటప్పుడు నెల్లిమర్ల రోడ్డు మీద టీ తాగాం. ఏం మాట్లాడాలో తెలీక, పందిట్లో నేర్చుకున్న విద్య ప్రదర్శించాను. "నువ్వు ఆరో నంబరా అమ్మా, ఎనిమిదో నంబరా?" అన్నాను. పిల్ల బిస్కెట్టు టీలో ముంచుకుంటూ, "మా జట్టుకి నంబర్లు లేవు తాతా, బనీన్లే" అంది.

ఈ ఏడాది చవితి చందాకి నలుగురూ రసీదు పుస్తకంతో వచ్చారు. అట్ట మీద వినాయకుడు, ఆయనకి ఎర్ర జెర్సీ. "ఎంత రాయమన్నారు మావయ్యా?"

"మూడు, నాలుగు, రెండు, ఒకటి" అన్నాను.

మా మేనల్లుడి మొహం చాటంతయింది. మూడువేల నాలుగువందల ఇరవై ఒకటి అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, చింపి ఇచ్చి, "డబ్బులు?" అన్నాడు.

ఆదివారం పొద్దున్న ఆరింటికి వచ్చి పట్టుకెళ్లమన్నాను. రెండు ఆదివారాలైంది. కవరు ఇంకా టీవీ మీదే ఉంది.