షెల్టర్ లెక్కలు అడిగేవాళ్లలో మనవాళ్లూ ఉండాలి

టెక్సాస్ హెల్త్ అండ్ సేఫ్టీ కోడ్‌లో 823వ అధ్యాయం చాలా చిన్నది. యానిమల్ షెల్టర్, అంటే దిక్కులేని, తప్పిపోయిన జంతువులను ఉంచే కేంద్రం ఉన్న సిటీ గానీ కౌంటీ గానీ ఒక సలహా కమిటీ వేసి తీరాలని అందులో ఉంది. 75,000 కంటే తక్కువ జనాభా ఉన్న కౌంటీలకు మాత్రం ఇది వర్తించదు. ఆ కమిటీలో కనీసం ఒక పశువైద్యుడు, ఒక సిటీ లేదా కౌంటీ అధికారి, షెల్టర్ రోజువారీ పని చూసే ఒకరు, జంతు సంక్షేమ సంస్థ నుంచి ఒకరు ఉండాలి. ఏడాదికి కనీసం మూడుసార్లు కూర్చోవాలి. పశువైద్యుడి చేత ఏడాదికి ఒక్కసారైనా షెల్టర్‌ని తనిఖీ చేయించాలి. మన ప్రాపర్టీ టాక్స్‌తో నడిచే ఒక విభాగం మీద మామూలు పౌరుల కన్ను ఉండాలని చట్టమే రాసిపెట్టిన ఏర్పాటు ఇది.

చాలా ఊళ్లలో ఈ సమావేశాలకు ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. మా కౌంటీలో జరిగేవాటికి నేను వెళ్తుంటాను. కమిటీ సభ్యులు, షెల్టర్ సిబ్బంది, ఒకరిద్దరు వాలంటీర్లు తప్ప కుర్చీలన్నీ ఖాళీగా ఉంటాయి. ఎజెండాలో చివరి అంశం ఎప్పుడూ 'నెలవారీ గణాంకాలు'. స్క్రీన్ మీద ఒక పట్టిక వస్తుంది. ఎన్ని జంతువులు వచ్చాయి, ఎన్ని దత్తతకు వెళ్లాయి, ఎన్నింటిని యజమానులు తీసుకెళ్లారు, ఎన్నింటికి ఇంజెక్షన్ ఇచ్చి చంపారు అని వరసగా అంకెలు ఉంటాయి. ప్రశ్నలున్నాయా అని ఛైర్‌పర్సన్ అడుగుతారు. ఎవరూ ఏమీ అడగరు. ఆ పట్టికలో ఒక్కొక్క అంకె వెనక ఒక ప్రాణం ఉంది, నిమిషం తిరక్కుండా స్క్రీన్ మారిపోతుంది.

స్కూల్ హద్దులు మారుస్తున్నారని తెలిస్తే డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో అయినా ప్లేనోలో అయినా మన తెలుగువాళ్లు హాలు నింపేస్తారు. మంచిదే, నింపాలి. షెల్టర్ సమావేశంలో మాత్రం ఒక్క తెలుగు మొహం కనిపించదు. ఇళ్లలో కుక్కలు లేక కాదు. కోవిడ్ తర్వాత మన కాలనీల్లో సాయంత్రం పూట గోల్డెన్ రిట్రీవర్‌నో డూడుల్‌నో పట్టుకుని నడిచే తెలుగు పిల్లలు ఎంతమంది ఉన్నారో మీరూ చూస్తున్నారు. పెంచుకునే వాళ్లమయ్యాం, పన్ను కట్టేవాళ్లం ఎలాగూ ఉన్నాం. లెక్క అడగడం దగ్గరే వెనకబడ్డాం.

ఆ లెక్క ఎందుకు అడగాలో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు సంగతంతా అక్కడే ఉంది. షెల్టర్ పనితీరును అందరూ కొలిచేది 'లైవ్ రిలీజ్ రేట్'తో. బయటికి వెళ్లిన జంతువుల్లో ఎన్ని ప్రాణాలతో వెళ్లాయన్నదే ఆ శాతం. 90 దాటితే 'నో కిల్' అంటారు. వినడానికి బాగుంటుంది, సిటీ వెబ్‌సైట్ మీద పెట్టుకోవడానికీ బాగుంటుంది. కానీ భాగహారంలో కింద ఏ అంకె వేశారన్న దాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. ఉదాహరణకు ఒక ఏడాదిలో 1,000 జంతువుల లెక్క తేలిందనుకుందాం. 880 ప్రాణాలతో వెళ్లాయి, 120 చనిపోయాయి. అంటే 88 శాతం. ఆ 120లో 40 యజమానులే అడిగి ఇంజెక్షన్ ఇప్పించినవని, 20 బోనులోనే జబ్బు చేసి పోయాయని పక్కన పెట్టేస్తే, 940లో 880. అదే షెల్టర్, అవే జంతువులు, ఇప్పుడు 93 శాతం పైన. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఏవి కలిపారు, ఏవి తీసేశారు అని అడిగిన మనిషి లేడు, అంతే.

ఇంకో దారి కూడా ఉంది. బోనులు నిండిపోయాయి కాబట్టి ప్రస్తుతం తీసుకోవడం లేదని తలుపు దగ్గరే తిప్పి పంపేస్తే శాతం చెక్కుచెదరదు. తిప్పి పంపిన కుక్క ఏమైందన్నది ఏ పట్టికలోనూ ఉండదు. అది రోడ్డు మీద ఉంటుంది.

రోడ్డు మీద ఉంటే ఏమవుతుందో డాలస్ చూసింది. 2016లో దక్షిణ డాలస్‌లో ఒక మహిళ కుక్కల గుంపు దాడిలో ప్రాణాలు కోల్పోయింది. ఆ తర్వాత సిటీ కోసం చేసిన అధ్యయనంలో దక్షిణ డాలస్‌లో సుమారు 8,700 కుక్కలు వదిలేసినట్టు తిరుగుతున్నాయని అంచనా వేశారు. అప్పటిదాకా వేరే శాఖ కింద నడిచిన యానిమల్ సర్వీసెస్‌ని 2017లో విడి శాఖ చేశారు. ఒక ప్రాణం పోయాక గానీ ఆ మార్పు రాలేదు. ఆస్టిన్ కథ దీనికి రెండో వైపు. 2010లో అక్కడి కౌన్సిల్ నో కిల్ ప్రణాళికను ఏకగ్రీవంగా ఆమోదించింది, మరుసటి ఏడాదికే 90 శాతం దాటారు. దేశమంతా మెచ్చుకుంది, మెచ్చుకోవలసిన పనే. కానీ 2023లో సిటీ ఆడిటర్ నివేదిక చూస్తే అక్కడి షెల్టర్ కిక్కిరిసిపోయింది, ఉన్న జంతువులను సరిగా చూసుకోవడానికి చోటూ సిబ్బందీ చాలడం లేదని తేలింది. శాతం బాగున్నంత మాత్రాన బోనులో కుక్క బాగున్నట్టు కాదు. నా దృష్టిలో ఈ రెండు ఊళ్లూ ఒకే మాట చెబుతున్నాయి. ఒక్క అంకెను నమ్ముకుని మిగతా వాటి మీద కన్ను తీసేస్తే ఎక్కడో ఒకచోట దెబ్బ తగులుతుంది.

ఇక మన ఇళ్లకు నేరుగా తగిలే విషయం. తప్పిపోయిన కుక్కను షెల్టర్ ఎన్నాళ్లు ఉంచుకోవాలన్నది ఎక్కువగా స్థానిక ఆర్డినెన్స్‌లోనే, అంటే ఆ సిటీయో కౌంటీయో చేసుకున్న నిబంధనల్లోనే ఉంటుంది. చాలా చోట్ల 72 గంటలు. ఆ గడువు దాటితే కుక్క సిటీ ఆస్తి. దత్తతకు ఇవ్వవచ్చు, రెస్క్యూ సంస్థకు పంపవచ్చు, చంపవచ్చు కూడా. ఇప్పుడు మన వేసవి సెలవుల సంగతి ఆలోచించండి. కుటుంబమంతా ఇండియా వెళ్తుంది. కుక్కను తెలిసినవాళ్ల ఇంట్లో వదులుతాం. కొత్త ఇల్లు, తెరిచి ఉన్న గేటు, జులై 4 బాణసంచా చప్పుడు. అది పారిపోతుంది. పట్టుకున్నవాళ్లు షెల్టర్‌లో అప్పగిస్తారు. అక్కడ కుక్క చర్మం కింద వేయించిన మైక్రోచిప్‌ని స్కాన్ చేస్తే 15 అంకెల నంబరు వస్తుంది. ఆ నంబరుకు జతగా ఉన్న ఫోన్ మనం న్యూజెర్సీలో ఉన్నప్పటిది. ఉద్యోగం మారి డాలస్ వచ్చాం, ఫోన్ ప్లాన్ మార్చాం, బ్యాంకులో మార్చాం, డ్రైవింగ్ లైసెన్సులో మార్చాం. చిప్ కంపెనీ దగ్గర మార్చడం ఎవరికీ తట్టలేదు. హైదరాబాద్‌లో మనకు తెల్లారేసరికి ఇక్కడ గడువు కరిగిపోతూ ఉంటుంది.

ఇది ఊహించి భయపెట్టడం కాదు. అమెరికాలో 53 షెల్టర్ల వివరాలతో 2009లో ఒక అధ్యయనం వచ్చింది. తప్పిపోయి షెల్టర్ చేరిన కుక్కలన్నిటిలో సుమారు 22 శాతం యజమానుల దగ్గరికి తిరిగి వెళ్లాయి. చిప్ ఉన్నవాటిలో 52 శాతం వెళ్లాయి. చిప్ ఉండి కూడా యజమాని దొరకని సందర్భాల్లో ఎక్కువగా అడ్డం వచ్చింది ఫోన్ నంబరే, తప్పుదో పనిచేయనిదో. ఇది చదువుతున్నవాళ్లలో కుక్క ఉన్న ప్రతి ఒక్కరూ ఈ రాత్రే ఆ నంబరు సరిచూసుకోవాలని నా మనవి.

డాలస్ 2017 నుంచి కుక్కలకూ పిల్లులకూ మైక్రోచిప్ తప్పనిసరి చేసింది. నేను దాన్ని పూర్తిగా సమర్థిస్తాను, మిగతా సిటీలూ చేయాలంటాను. కానీ దానితోపాటు ఇంకొకటి జరగాలి. దొరికిన కుక్కను విడిపించుకోవడానికి వెళ్తే పట్టుకున్నందుకు ఒక ఫీజు, ఉంచినందుకు రోజుకింత, టీకా కాగితం లేకపోతే దానికింత. మనలో చాలామంది కార్డు తీసి కట్టేస్తాం. నెలాఖరుకు అద్దె కట్టడానికే ఇబ్బంది పడే కుటుంబం ఏం చేస్తుంది? వెనక్కి వెళ్లిపోతుంది. ఆ కుక్క బోనులోనే ఉండిపోతుంది, దాని తిండీ మందులూ మళ్లీ మన పన్నులోంచే. మొదటిసారి దొరికిన జంతువుకు ఫీజు మాఫీ చేసి, అక్కడికక్కడే చిప్ వేసి, రేబిస్ టీకా ఇచ్చి పంపేయాలి. ఏ లెక్కన చూసినా సిటీకి అదే చవక అని నా నమ్మకం.

పెట్ షాపుల్లో కుక్కపిల్లల అమ్మకాన్ని నిషేధించడం గురించి ఎక్కువ చెప్పను, మార్గం ఇప్పటికే పడింది. 2017లో చట్టం చేసి 2019 నుంచి అమల్లో పెట్టింది కాలిఫోర్నియా, ఆ పని చేసిన తొలి రాష్ట్రం అదే. న్యూయార్క్‌లో 2024 డిసెంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. డాలస్ కౌన్సిల్ 2022లో తన హద్దుల్లో ఆపేసింది. మీ సిటీలో ఇంకా లేకపోతే ఎందుకు లేదని మీ కౌన్సిల్ సభ్యుడికి ఒక ఈమెయిల్ రాయండి.

'మనుషుల కష్టాలే తీరడం లేదు, కుక్కల కోసం మీటింగులా' అని నాతో అన్న మిత్రులు ఉన్నారు. వాళ్ల మాటను తేలిగ్గా తీసుకోను. కుక్కలంటే భయపడే పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు, ఇక్కడికి వచ్చే అమ్మానాన్నలు వాకింగ్‌కు వెళ్లాలంటే వెనకాడే వీధులూ ఉన్నాయి. సరిగ్గా అందుకే ఈ విభాగం బాగా నడవాలి. కరిచిన కుక్కను 10 రోజులు పరిశీలనలో ఉంచేది వీళ్లే. ప్రమాదకరమని తేలిన కుక్క యజమాని లక్ష డాలర్ల బీమా చూపించాడా లేదా అని చూడవలసిందీ స్థానిక యంత్రాంగమే. టెక్సాస్‌లో 2022 జనవరి దాకా ఎండలో గొలుసుతో కట్టేసిన కుక్కను చూసినా అధికారి ముందు 24 గంటల గడువు ఇచ్చి వెనక్కి వెళ్లాల్సి వచ్చేది. కొత్త చట్టం ఆ గడువు తీసేసింది, బయట కట్టేస్తే నీడా నీళ్లూ తప్పనిసరి చేసింది. కానీ ఫోన్ చేస్తే వచ్చే అధికారులు ఊరికి సరిపడా లేకపోతే చట్టం కాగితం మీదే ఉంటుంది. ఎంతమంది ఉండాలన్నది బడ్జెట్‌లో తేలుతుంది.

ఆ బడ్జెట్ మాట్లాడే కాలం తెలుసుకోవాలి. టెక్సాస్‌లో చాలా సిటీలకూ కౌంటీలకూ ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది, కాబట్టి బహిరంగ విచారణలు ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో జరుగుతాయి. కౌంటీలో ఆ నిర్ణయం తీసుకునేది కమిషనర్స్ కోర్ట్. పేరు చూసి న్యాయస్థానం అనుకుని మనవాళ్లు జంకుతారు, అది కౌంటీ పాలకమండలి మాత్రమే. ఎజెండాలో ఉన్న అంశం మీద మాట్లాడే హక్కు పౌరులకు రాష్ట్ర చట్టం ఇచ్చింది. సాధారణంగా మూడు నిమిషాలు ఇస్తారు. ఇంగ్లిష్ యాస గురించి టెన్షన్ పడాల్సిన పనిలేదు, రాసుకున్న కాగితం చూసి చదివినా వింటారు.

ఏం అడగాలి? లైవ్ రిలీజ్ రేట్‌లో ఏవి కలిపారు, ఏవి వదిలేశారు. బోనులోనే చనిపోయినవి ఎన్ని. చోటు లేదని తిప్పి పంపినవి ఎన్ని. యజమానుల దగ్గరికి తిరిగి చేరినవి ఎంత శాతం. పశువైద్యుడి చివరి తనిఖీ నివేదిక ఎప్పటిది, అందులో ఏం రాశారు. సమావేశంలో జవాబు రాకపోతే టెక్సాస్ సమాచార హక్కు చట్టమైన పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ కింద రాతపూర్వకంగా అడగండి, ఒక ఈమెయిల్ చాలు.

మన సంఘంలో పశువైద్యులు ఉన్నారు, ఆడిటర్లు ఉన్నారు, డేటా పని చేసేవాళ్లకు కొదవే లేదు. సలహా కమిటీల్లో ఖాళీలు వచ్చినప్పుడు సిటీ వెబ్‌సైట్‌లో 'బోర్డులు, కమిషన్లు' అనే పేజీలో దరఖాస్తు పెడతారు. ఉగాది వేడుకలకు కమిటీలు వేసుకున్నట్టే, ఈ ఆగస్టు విచారణల కోసం సంఘం తరఫున ఒక చిన్న బృందాన్ని ఇప్పుడే వేయాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. పేరు ఇవ్వదలచినవారు సంఘం కార్యదర్శికి తెలియజేయండి. మా కౌంటీ పట్టికలు నా దగ్గరున్నాయి, అందరికీ పంపుతాను.