ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 గారికి బహిరంగ లేఖ

వెబ్ పేజీలు చూపించే మైక్రోసాఫ్ట్ వారి బ్రౌజరు, మహారాజశ్రీ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 (ఐఈ 6) గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ తమ వంశంలో చివరివారికి కూడా 2022 జూన్ 15న పదవీ విరమణ అయిపోయింది కనుక ఆ మాట సగానికే వర్తిస్తుంది. అయినా రాస్తున్నాను. ఉన్నన్నాళ్లూ తమరు ఎవరి విన్నపమూ ఆలకించలేదు. ఇప్పుడు మధ్యలో లేచి వెళ్లిపోయే అవకాశం కూడా లేదు.

పీఎన్‌జీ అనే ఫైలు పద్ధతిలో దాచిన బొమ్మ అంచులు పారదర్శకంగా, నెమ్మదిగా పలచబడి, వెనకున్న రంగులో కలిసిపోవాలి. తమ దగ్గరకు వచ్చేసరికి మాత్రం గుండ్రటి లోగో చుట్టూ బూడిద రంగు పలక మొలిచేది. సైటు చేయించుకున్నవాడు ఫోను చేసి డిజైనర్‌ను తిట్టేవాడు. తమను ఎవరూ ఏమీ అనేవారు కాదు.

పీఎన్‌జీ నిన్నగాక మొన్న పుట్టింది కూడా కాదు. జిఫ్ అనే పాత బొమ్మల ఫైలులో సైజు తగ్గించే కుదింపు పద్ధతికి యూనిసిస్ సంస్థ 1994 చివర్లో రుసుము అడిగేసరికి, కడుపు మండినవాళ్లు కూర్చుని ఎవరి సొత్తూ కాని పద్ధతి ఒకటి తయారు చేశారు. అదే పీఎన్‌జీ. వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ సంస్థ 1996 అక్టోబరులో దాన్ని ఆమోదించింది. తమ జననం 2001 ఆగస్టు. పాపం చేతకాలేదేమో అనుకుందామంటే, మ్యాక్ కంప్యూటర్ల కోసం పుట్టిన తమ అన్నగారు ఐఈ 5 ఆ పారదర్శకతను 2000లోనే చక్కగా చూపించారు. తెలివి ఇంట్లోనే ఉంది. పక్క గదిలోకి వెళ్లి అడగడానికే తమకు నామోషీ.

అంతకన్నా విడ్డూరం, ఆల్ఫాఇమేజ్‌లోడర్ అనే ఫిల్టరు తమ జేబులోనే ఉండటం. వెబ్ పేజీ కోడ్‌లో దాని పేరు పెట్టి పిలిస్తే అదే బొమ్మను సరిగ్గా చూపేవారు. మామూలుగా అడిగితే చూపరు! పీఎన్‌జీని సరిగ్గా చూపమని జనం వినతిపత్రాల మీద సంతకాలు పెట్టారు. బ్రౌజర్లు ప్రమాణాలు పాటించాలని పోరాడిన వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్టు వారు 2005లో బ్రౌజర్లకు యాసిడ్2 అనే పరీక్ష పెట్టి, నవ్వు ముఖం ఒకటి గీయమన్నారు. తమరు ఎర్రటి గందరగోళం గీశారు. మేమేమో ఆ ఫిల్టరు చుట్టూ చిట్కాల మీద చిట్కాలు అల్లి తమ పరువు కాపాడాం. మంచితనమనుకున్నాం కానీ, తమ ఆయుష్షు పొడిగించింది ఆ చిట్కాలే. ఊళ్లో దొంగకు రోజూ అన్నం పెడుతూ దొంగతనాలు తగ్గలేదేమని పంచాయతీ పెట్టినట్టు సాగింది మా ఉద్యమం.

ఎంత పెద్దది చేసినా మసకబారని గీతల బొమ్మల పద్ధతి ఎస్‌వీజీ. దాని సంగతి క్లుప్తంగా చెబుతాను. 2001 సెప్టెంబరులో ప్రమాణమైంది. తమ వంశంలో దానికి చోటు దొరికింది 2011లో, ఐఈ 9కి. అందాకా అలాంటిదే మైక్రోసాఫ్ట్ ఇంటి సరుకు వీఎంఎల్‌తోనే సరిపెట్టుకోమన్నారు.

పోటీ బ్రౌజరు ఫైర్‌ఫాక్స్ 2004లో వచ్చి తమ వాటా కొరకడం మొదలుపెట్టాక, 2006 అక్టోబరులో ఐఈ 7కి పీఎన్‌జీ పారదర్శకత హఠాత్తుగా వచ్చేసింది. అన్ని సంతకాలకు కదలని హృదయం పోటీదారుకు కరిగింది. 2010లో డెన్వర్‌లో కొందరు డిజైనర్లు తమకు ఉత్తుత్తి అంత్యక్రియలు జరిపితే, మైక్రోసాఫ్ట్ వారే పూలు పంపారు.

ఇట్లు,
తమ సేవలో కళ్లు పాడుచేసుకున్న ఒక వెబ్ డిజైనర్

తా.క.: 2011లో తమ కంపెనీవారే తమ వాడకం ఒక శాతం కన్నా తగ్గిపోవాలని ఒక సైటు తెరిచారు. తమను వదిలించుకోమని సందర్శకులకు చెప్పే ప్రకటనను మా సైట్లలో పెట్టమని మాకే విన్నవించుకున్నారు. వినతిపత్రం అందుకోవడం ఎలా ఉంటుందో మాకూ తెలిసింది. పెండింగులో పెట్టలేదు లెండి, వెంటనే పెట్టేశాం.