ఫారోయీస్‌ను బతికించింది పండితులు కాదు, పాటగాళ్లు

ఉత్తర అట్లాంటిక్‌లో డెన్మార్క్ రాజ్యం కిందున్న ఫారో దీవుల భాష ఫారోయీస్ గురించి ఎవరు రాసినా కథ 1846లోనే మొదలుపెడతారు. ఆ ఏడాది హామర్స్‌హైంబ్ అనే ఆయన ఫారోయీస్‌కు రాతపద్ధతి ఖరారు చేశాడు, భాష నిలబడింది, శుభం కార్డు. నాకిది అస్సలు మింగుడుపడదు. అంతకుముందు మూడు వందల ఏళ్లు ఆ భాషను మోసిందెవరు మరి? పదహారో శతాబ్దంలో ప్రొటెస్టెంట్ మతసంస్కరణ వచ్చాక చర్చిలో డేనిష్, కోర్టులో డేనిష్, కాగితం మీదికెక్కే ప్రతి మాటా డేనిష్. 1801లో ఆ దీవులన్నిట్లో కలిపి ఉన్నది ఐదు వేల పైచిలుకు జనం. లెక్కప్రకారం ఎప్పుడో పోవాల్సిన భాష.

పోలేదు, ఎందుకంటే జనం దాన్ని ఆడారు, పాడారు. చలికాలం రాత్రి ఇంట్లో పొయ్యి ఉన్న గదిలో అందరూ చేతులు పట్టుకుని గొలుసు కడతారు, వాయిద్యమంటూ ఏదీ ఉండదు, ఎడమకు రెండడుగులు, కుడికి ఒకటి, నేలను తాకే కాళ్లదే తాళం. ఒకరు చరణం ఎత్తుకుంటే పల్లవి అందరూ అందుకుంటారు. డ్రాగన్‌ను చంపిన సిగుర్ద్ కథలాంటివి వందల చరణాలు సాగుతాయి, అన్నీ నోటికే రావాలి. పందొమ్మిదో శతాబ్దంలో పండితులు కూర్చుని రాసుకుంటే తేలింది సుమారు 70 వేల చరణాలు!

అసలు తమాషా స్వాబో అనే పండితుడిది. 1781-82లో ఊరూరా తిరిగి ఈ పాటలు మొదట రాసుకున్నది ఆయనే, నిఘంటువూ తయారుచేశాడు. కానీ ఈ భాష చెడిపోయింది, దీనికంటే డేనిష్‌కు మారడమే మేలన్నది ఆయన అభిప్రాయం. చదువుకున్నాయన ఆశ వదిలేసుకున్నాడు, ఆయనకు పాట చెప్పినవాళ్లు మాత్రం ఆ రాత్రి కూడా ఆడే ఉంటారు.

పక్కనున్న షెట్లాండ్ దీవుల్లో నార్న్ అనే భాషకూ పాటలుండేవి, అయినా చచ్చిపోయింది కదా అంటారు. నిజమే. కానీ అక్కడ స్కాట్లాండ్ జనం గుంపులుగా వచ్చి భూముల్లో స్థిరపడ్డారు. ఫారో దీవులకు డెన్మార్క్ నుంచి వచ్చింది అధికారం, జనం కాదు. ఇంటి గడప లోపల పోటీ లేదు. రాత లేకపోవడమే కారణమైతే ఫారోయీస్ కూడా అప్పుడే పోయేది.

నా గొడవ ఒక్క ఫారోయీస్ గురించే కాదు. చరిత్ర ఎప్పుడూ కలం ఉన్నవాడికే సన్మానం చేస్తుంది. వేల చరణాలు తలలో పెట్టుకున్న జాలరి వేలిముద్రగాడు, వాటిని కాగితం మీద పెట్టినవాడు మహానుభావుడు. హామర్స్‌హైంబ్‌ను తక్కువ చేయడం లేదు, ఆయన రాతపద్ధతి లేకపోతే బడిలో ఫారోయీస్ కోసం పోరాటమే ఉండేది కాదు. ఆ పోరాటమూ చిన్నది కాదు: పెద్ద పిల్లలకు డేనిష్‌లోనే చెప్పాలని 1912లో నిబంధన పెడితే జాకరియాసెన్ అనే టీచర్ ఉద్యోగమే వదిలేశాడు, ఆ నిబంధన పోవడానికి 1938 దాకా పట్టింది, 1948లో గానీ స్వపరిపాలన చట్టం ఫారోయీస్‌ను ప్రధాన భాషగా ఒప్పుకోలేదు. అందులోనూ డేనిష్ బాగా నేర్పాలన్న మెలిక ఉంది.

2017లో గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఈ భాష లేదని అక్కడి పర్యాటక శాఖ ఏం చేసిందో తెలుసా? ఎవరైనా వాక్యం పంపితే మామూలు జనమే దాన్ని ఫారోయీస్‌లో పలికి వీడియో తీసి పంపారు. అప్పటికి అక్కడి జనాభా యాభై వేలు. గూగుల్ 2024లో చేర్చుకుంది.