"మా గుంటడు కోడింగ్‌కి పనికొస్తాడంటారేటి?"

విజయనగరం గంటస్తంభం దగ్గర మొబైల్ షాపులో ఫోన్‌కి స్క్రీన్‌గార్డు వేయించుకుంటుంటే పక్కన నిలబడ్డ ఒకాయన నన్ను గుర్తుపట్టాడు. ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతానని ఎవరో చెప్పారట. "మా గుంటడు ఆరో తరగతి మాస్టారూ. రోజంతా ఫోన్లోనే ఉంటాడు. నాకు తెలీని సెట్టింగులన్నీ ఆడే మార్చేస్తాడు. కోడింగ్‌కి పనికొస్తాడంటారేటి?" అని అడిగాడు. ఆన్‌లైన్ క్లాసులవాళ్లు డెమో తీసుకుని పిల్లాడు చాలా షార్ప్ అన్నారట. వాళ్లు చెప్పిన ఫీజు ఆయన రెండు నెలల సంపాదన.

డెమోలో షార్ప్ కాని పిల్లాడిని నేను ఇంతవరకూ చూడలేదు.

ఆయన ఆశ మాత్రం ఊరికే పుట్టింది కాదు. మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఏ ఊరికి వెళ్లినా బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో సాఫ్ట్‌వేర్‌లో ఉన్న పిల్లల ఇళ్లు ఒకటో రెండో ఉంటాయి. వాటి మీద ఇంకో అంతస్తు లేస్తుంటే వీధంతా చూస్తుంది. తాపీపనికీ చేపలవేటకీ దూరాలు పోయిన ఊళ్లివి, ఏసీ గదిలో కూర్చుని చేసే వలస వాళ్లకి కొత్త. ఎచ్చెర్ల దగ్గర ఎస్.ఎం.పురంలో 2016లో ట్రిపుల్ ఐటీ పెట్టాక పదో తరగతి మార్కులే తలుపు తీస్తాయన్న లెక్క ఇంటింటికీ తెలిసింది. 2020 జాతీయ విద్యావిధానం ఆరో తరగతి నుంచే కోడింగ్ పరిచయం చేయాలంది. దాంతో పదకొండేళ్లకే పిల్లాడి జాతకం తేలిపోవాలన్న కంగారు మొదలైంది.

ముందు ఫోన్ సంగతి. పిల్లాడు ఫోన్ బాగా వాడుతున్నాడంటే ఆ తెలివి చాలావరకు ఫోన్ తయారుచేసినవాళ్లది. చదువురానివాళ్లు కూడా వాడగలిగేలా ఉండాలని వందలమంది ఏళ్ల తరబడి కష్టపడ్డారు. మా అమ్మ కూడా వాట్సాప్‌లో స్టేటస్ పెడుతుంది.

మార్కుల సంగతి మీద నాకు ఇంకాస్త కోపం ఉంది. లెక్కల్లో వందకి తొంభై ఎనిమిది తెచ్చుకున్నవాళ్లు మొదటి సంవత్సరం 'సీ' అనే ప్రోగ్రామింగ్ భాష ల్యాబ్‌కి వస్తారు. ప్రోగ్రాం మొత్తం బట్టీపట్టి గడగడా కొట్టేస్తారు. లైను చివర ఉండాల్సిన ఒక సెమీకోలన్ గుర్తు పోయి ఎర్రర్ వచ్చిందనుకోండి, వాళ్ల చూపు స్క్రీన్ మీద ఉండదు, నా మొహం మీద ఉంటుంది. తప్పు ఎన్నో లైన్లో ఉందో కంప్యూటర్ చెబుతూనే ఉంటుంది. చదవరు. (అది చూపించిన లైనుకి పై లైన్లోనే చాలాసార్లు తప్పు దొరుకుతుంది, అది వేరే కథ.) పన్నెండేళ్ల చదువులో తప్పంటే ఎర్రసిరా, ఒక తిట్టు. దాన్ని చదవొచ్చనీ, అందులో సమాచారం ఉంటుందనీ వాళ్లకి ఎవరు చెప్పారు? ప్రోగ్రామర్ రోజులో సగం ఇదే పని. ఎవరో రాసిన కోడ్ చదవడం, ఎక్కడ దారి తప్పిందో వెతకడం, సాయంత్రానికి దొరక్కపోతే మర్నాడు మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టడం. ఈ పనికి కావలసిన ఓపిక మార్కుల మెమోలో ఏ గడిలోనూ కనిపించదు.

పోనీ, ఎవరు పనికొస్తారో ముందే తేల్చే పరీక్ష ఏదైనా ఉందా? కంప్యూటర్లు తయారుచేసే ఐబీఎం సంస్థ 1950లలోనే ఒకటి తయారుచేసింది. లండన్‌లోని మిడిల్‌సెక్స్ విశ్వవిద్యాలయంలో సయీద్ దెహ్నాది, రిచర్డ్ బోర్నాట్ అనే ఇద్దరు 2006లో బయటపెట్టిన పరీక్ష మరీ చిత్రమైంది. ప్రోగ్రామింగ్ ఒక్క ముక్క రానివాళ్లకి ఇలాంటి ప్రశ్నలు ఇచ్చారు: ఏ విలువ 10, బీ విలువ 20. తరవాతి లైన్లో 'ఏ = బీ' అని ఉంది. ఇప్పుడు ఏ ఎంత, బీ ఎంత?

లెక్కల మాస్టారు చూస్తే ఇది తప్పు అంటారు, పదీ ఇరవై సమానం ఎలా అవుతాయి? ప్రోగ్రామింగ్‌లో ఆ గుర్తుకి అర్థం వేరు. బీలో ఉన్నది తెచ్చి ఏలో పెట్టమని, కాబట్టి రెండూ ఇరవై. కొత్తవాళ్లకి అది తెలీదు. కొందరు రెండూ తారుమారవుతాయన్నారు, కొందరు కలిపి ముప్పై అన్నారు. జవాబు ఒప్పా తప్పా అన్నది ఆ ఇద్దరూ పట్టించుకోలేదు. అనుకున్న సూత్రాన్నే అన్ని ప్రశ్నలకీ ఒకేలా వాడారా లేదా అని చూశారు. అలా వాడినవాళ్లే ప్రోగ్రామర్లవుతారు, మిగతావాళ్లకి రాదు, ఇది మనుషుల్ని రెండు గుంపులుగా విడదీసే పరీక్ష అని ప్రకటించారు. ప్రపంచమంతా ఆ మాట పట్టుకుంది. 2014లో బోర్నాట్ స్వయంగా ఆ వాదనని వెనక్కి తీసుకున్నారు. ఏళ్ల తరబడి విశ్వవిద్యాలయంలో ఇదే పాఠం చెప్పినాయన, పెద్ద పిల్లల విషయంలోనే అంత తప్పు లెక్క వేశారు. ఆరో తరగతి పిల్లాడి మీద అరగంట డెమోతో తీర్పు చెప్పేవాళ్ల ధైర్యం నాకు అర్థం కాదు.

అలాగని ఆనవాళ్లే ఉండవని కాదు. 2020లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంవాళ్లు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లని పరిశీలించారు. నేర్చుకోవడంలో కనిపించిన తేడాల్లో 34 శాతం తార్కిక శక్తి, జ్ఞాపకంలో పట్టి ఉంచుకునే శక్తివల్ల వచ్చాయట. భాష నేర్చుకునే నేర్పు వాటా 17 శాతం. అంకెల నైపుణ్యానిది రెండే శాతం. కొద్దిమంది పెద్దవాళ్ల మీద చేసిన అధ్యయనం కాబట్టి మన పిల్లలకి యథాతథంగా అంటగట్టను. కానీ లెక్కలు రాకపోతే కోడింగ్ రాదు అని పిల్లల్ని బెదిరించే ముందు దీన్ని గుర్తుచేసుకోవచ్చు. జరిగిన సంగతిని వరస తప్పకుండా, వినేవాడికి ఏం తెలీదో గమనించుకుంటూ చెప్పగలిగే పిల్ల మీ ఇంట్లో ఉంటే ఆ నేర్పుని కబుర్లని కొట్టిపారేయకండి. ఆ కబుర్లు తెలుగులో చెప్పినా నష్టం లేదు.

ధనుర్మాసంలో మా వీధిలో ముగ్గులు చూస్తుంటాను. పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేవరకు, సందు చుక్క. ఈ ఒక్క వాక్యం చాలు, ఆడపిల్లలు వాకిలంతా నింపేస్తారు. ఇది అచ్చంగా ప్రోగ్రామే: మొదలెక్కడ, ఆగేదెక్కడ, ప్రతి వరసకీ ఏం మారాలి. ఇది నా సరదా పోలిక కాదు. మద్రాసులో గిఫ్ట్ సిరోమొనీ, రాణి సిరోమొనీ, కమలా కృతివాసన్ ముగ్గుల వెనక ఉన్న వ్యాకరణం మీద కంప్యూటర్ శాస్త్రపు పరిశోధనే చేశారు, వ్యాసం 1974లో అచ్చయింది. మొన్న ఒక పిల్ల సగం వేశాక గీతలు కలవలేదు. చుట్టూ ఉన్నవాళ్లు చెరిపేసి మళ్లీ వేయమన్నారు. చెరపలేదు. నడిమి వరస నుంచి చుక్కలు లెక్కపెట్టుకుంటూ వచ్చి, నాలుగో వరసలో ఒకటి తక్కువపడిందని పట్టుకుంది. ఈ పిల్లని కంప్యూటర్ కోచింగ్‌కి పంపాలని ఆ ఇంట్లో ఎవరికీ తోచదు. వాళ్ల అన్నని పంపుతున్నారు.

మొబైల్ షాపు ఆయనతో ఇవన్నీ చెప్పలేదు. ఆదివారం పిల్లాడిని మా ఇంటికి పంపమన్నాను. అమెరికాలోని ఎమ్ఐటీ విశ్వవిద్యాలయంవాళ్లు 2007లో పిల్లల కోసం తెచ్చిన స్క్రాచ్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉంది, ఉచితం. రంగురంగుల దిమ్మల్లాంటి ఆదేశాలని ఒకదాని కింద ఒకటి తగిలిస్తే తెరమీద పిల్లి నడుస్తుంది. పక్కింటి ఏడో తరగతి అమ్మాయినీ కూర్చోబెట్టాను.

పిల్లి నడిచి అంచుకి తగిలి వెనక్కి తిరగాలి. తిరిగింది, తలకిందులుగా. స్క్రాచ్‌లో అందరికీ మొదట ఎదురయ్యేదే ఇది. కుర్రాడు "పాడైపోనాది మాస్టారూ" అని కుర్చీ వెనక్కి జరిపేశాడు. అమ్మాయి తల వంచి చూసింది. "నడుస్తున్నప్పుడు బాగానే ఉంది, తగిలాకే తిరగబడుతోంది" అంది. ఒక్కో దిమ్మ తీసి చూసింది, తీస్తే పిల్లి తెర అంచు దగ్గరే ఇరుక్కుపోయింది. మళ్లీ పెట్టింది. నలభై నిమిషాలకి, ఎటు తిరగాలో చెప్పే దిమ్మలో కుడిఎడమలకి మాత్రమే అన్న ఎంపిక కనిపెట్టింది. పిల్లి నిటారుగా నిలబడింది.

నేను మనసులో తీర్పు రాసేశాను. ఆమెకి వస్తుంది, ఇతనికి రాదు. ఆ మర్నాడు తెలిసింది, అమ్మాయి వాళ్ల నాన్నది నెట్ సెంటర్. నాలుగో తరగతి నుంచే అక్కడ కూర్చుని దరఖాస్తులు టైప్ చేస్తోంది. కుర్రాడు మౌస్ పట్టుకోవడం అదే మొదటిసారి. వచ్చీరాగానే మానిటర్ మీద వేలుపెట్టి దిమ్మని జరపబోయాడు. నేను నవ్వాను కూడా. వాళ్ల బడిలో కంప్యూటర్లు ఉన్నాయట, గుడ్డలు కప్పి ఉన్నాయట. పిల్లాడి సత్తా చూస్తున్నాననుకుని వాళ్లింట్లో కంప్యూటర్ ఉందో లేదో చూశాను.

ఇప్పుడు కోడ్ ఏఐయే రాసేస్తోంది కదా, ఇదంతా ఎందుకు అని కాలేజీలో అడుగుతున్నారు. రాసేస్తోంది, నిజమే. అది రాసిన దాంట్లో పిల్లి ఎక్కడ తలకిందులైందో ఎవరో ఒకరు కూర్చుని వెతకాలి కదా.

ఆ తండ్రికి ఫోన్‌చేసి ఫీజు కట్టొద్దనీ, ఈ వేసవంతా ఆదివారాలు పంపమనీ చెప్పాను. "అయితే పనికొస్తాడా మాస్టారూ?" అన్నాడు. ఇప్పుడే చెప్పలేనండీ అన్నాను. ఆ జవాబు ఆయనకి నచ్చలేదని గొంతులోనే తెలిసింది. డెమోవాళ్లు నాకంటే బాగా మాట్లాడారు మరి. అయినా పంపుతున్నాడు.

మూడో ఆదివారం కుర్రాడు పిల్లిని తీసేసి తనే ఒక పసుపు ఆటో గీశాడు. గంట పట్టింది, చక్రాలు వంకర. నడిపించాడు. అంచుకి తగిలి ఆటో బోర్లాపడింది. ఈసారి కుర్చీ జరపలేదు. పకపకా నవ్వి, ఇంకోసారి నడిపించి చూశాడు. తరవాత పక్కకి తిరిగి, "అప్పా, నీ పిల్లిని ఎలా నిలబెట్టేవు?" అని అడిగాడు.

"నువ్వే ఎతుక్కో" అంది ఆమె.